నా చెల్లెలు అనని మాట

“పట్టులా జారుతుంది” అని నా చెల్లెలు ఏ వైన్ గురించీ అనలేదు. పిల్లి ఒంటిమీది బొచ్చు పట్టులా ఉందనేది. పక్కింటి పసిపిల్ల జుట్టు పట్టులా ఉందనేది. వైన్‌ని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఆమె రుచి చూస్తున్నప్పుడు పక్కన కూర్చుని విన్నదాన్ని కాబట్టి ఈ సంగతి తడుముకోకుండా రాయగలను.

అందుకే మా మరిది, అంటే ఆమె భర్త, ఆ కార్డు తెచ్చి నా ముందు పెట్టినప్పుడు ఒకసారి చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. దళసరి కాగితం. పైన నా చెల్లెలి ఫొటో. దాని కింద, “మా నాలుకమ్మ జ్ఞాపకంగా, ఆమె మనసుపడ్డ స్పెయిన్ ఎర్ర వైన్, మా మండే మిరప మాంసంతో” అని ఉంది. ఆ కింద వాలు అక్షరాల్లో, “ఆమె మాటల్లోనే: పట్టులా జారుతుంది. కారంతో కలిస్తే స్వర్గమే!”

స్వర్గం పక్కన ఆశ్చర్యార్థకం కూడా పెట్టారు. నా చెల్లెలు అంత తేలిగ్గా ఆశ్చర్యపోయే మనిషి కాదు.

ఆమె ఒక రెస్టారెంటులో వైన్లు ఎంచి, తెప్పించి, పోసే ఉద్యోగం చేసేది. ఏ వైన్ ఏ తిండి పక్కన నిలబడుతుందో వచ్చినవాళ్ళకు చెప్పడం ఆమె పని. ఆ ఉద్యోగానికి ఫ్రెంచి పేరు ఒకటుంది. అది పలకడానికి నోరు తిరగక యజమాని ఆమెను “వైన్ మేడమ్” అనేవాడు. వంటగదిలో అందరూ “నాలుకమ్మ” అనేవాళ్ళు. రుచి చూసే నాలుకను బట్టి ఆ పేరు వచ్చిందో, ఎదురు చెప్పే నాలుకను బట్టి వచ్చిందో ఎవరూ తేల్చలేదు. చలికాలం మొదట్లో, పనికి బయలుదేరుతూ, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ కూలబడింది. మెదడులో నరం చిట్లిందన్నారు. దాని గురించి ఇంతకంటే రాయను.

“ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పేరు మీద భోజనం పెడుతున్నారట వదినా,” అన్నాడు మరిది. “ఆవిడ వైన్ పోసిన అతిథులందర్నీ పిలుస్తున్నారు. మీరు నాలుగు మాటలు మాట్లాడి, ఆ వాక్యం చదవాలట.”

“ఇది రాసిందెవరు?”

“యజమానే అనుకుంటా.”

“మరి ‘ఆమె మాటల్లోనే’ అని ఎందుకుంది?”

“ఏమో. మంచి మాటేగా.”

“మంచి మాటే. ఆమె మాట కాదు.”

అతను కార్డు అంచు బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వంకరపోయిన ఫ్రేములు రోజంతా సరిచేసే మనిషికి, ఇంటికొచ్చాక ఇంకేదీ సరిచేసే ఓపిక ఈ మధ్య మిగలడం లేదు.

“పోనీండి వదినా. మనిషే లేనప్పుడు మాట అటైతే ఏం, ఇటైతే ఏం.”

“నీ కొట్టుకి ఎవరో వచ్చి పుస్తకం చదువుకోడానికి అద్దాలడిగారనుకో. దూరం చూసేవి చేతిలో పెట్టి, ఏదైనా కళ్ళజోడేగా అంటావా?”

“అనను.”

“మరి?”

“మీతో వాదించి గెలిచినవాళ్ళు మీ బళ్ళోనే లేరట. మీ చెల్లెలే చెప్పేది.”

“తను గెలిచేది,” అన్నాను.

నిజానికి ఆ వైన్ గురించి ఆమె అనే మాట ఒకటుంది. వగరు. ఆ మాటను ఆమెకు అందించింది నేను.

ఆమె చదివిందంతా పరాయి భాషలో. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వచ్చినవాళ్ళకు తెలుగులో ఎలా చెప్పాలో తోచక మా ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చునేది. నేను బళ్ళో తెలుగు చెప్తాను. తనకు రుచి దొరికేది, మాట దొరికేది కాదు. నా ఇబ్బంది దానికి తలకిందులు.

“అక్కా, గుక్క మింగాక చిగుళ్ళనీ నాలుకనీ ఎవరో గట్టిగా పట్టుకున్నట్టుంటుంది చూడు. దాన్నేమంటాం?”

“చేదా?”

“ఛ, చేదెందుకవుతుంది? చేదు రుచి. ఇది రుచి కాదు, పట్టు. నోరంతా ముడుచుకుంటుంది.”

“పచ్చి అరటికాయ కొరికినట్టా? పాలు పోయని టీ బాగా మరిగిపోతే వస్తుంది, అలాగా?”

“అదే, అదే!”

“ఓసి పిచ్చిదానా, దానికి మాట లేకపోవడమేంటే? వగరు.”

ఆమె ఆ మాటను గుక్కలాగే నోట్లో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “వగరు. వగరు. పలుకుతుంటేనే నాలుక పట్టుకుంటోంది కదే!” అంది.

అప్పటినుంచి ఆ బల్ల దగ్గర నేనూ రుచి చూడడం నేర్చుకున్నాను. బళ్ళో పెన్సిళ్ళు చెక్కిన పొట్టు కాగితంలో చుట్టుకుని ఇంటికి తెచ్చేదాన్ని. అందులోని చెక్క వాసనా, చాలాకాలం పీపాలో ఉన్న ఆ స్పెయిన్ వైన్‌లోని వాసనా ఒకటేనో కాదో ఆమె నా చేత చెప్పించేది. తోలు బెల్టు, ఎండబెట్టిన రేగుపళ్ళు, తడిసిన చెక్క, అగ్గిపెట్టె — ఇవన్నీ వాసన చూస్తుంటే వీధిలో పోయేవాళ్ళు కిటికీలోంచి చూసి నవ్వేవారు. రుచి చూసిన గుక్కను మింగకుండా ఉమ్మడం మాత్రం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. ఉమ్మకూడదని పిల్లల్ని తిట్టడంలోనే నా సర్వీసు సగం గడిచింది మరి.

“మొదటి గుక్క నోటికి పలకరింపు,” అనేది. “దాని మాట నమ్మకు. అప్పటిదాకా నీ నోట్లో పడ్డ పళ్ళపొడీ, టీ అన్నీ అందులోకొస్తాయి. రెండో గుక్కని పట్టుకుని ఉంచు. మూడో గుక్కకి పక్కన తిండి ఉండాలి.”

ఆ వైన్ టెంప్రనీయో అనే ద్రాక్షతో చేసింది. వాళ్ళ భాషలో ‘త్వరగా’ అనే మాటనుంచి ఆ పేరు వచ్చిందట. మిగతా ద్రాక్షకంటే ముందే పండుతుంది కాబట్టి. గ్లాసును తెల్లబట్ట మీదికి వంచి చూస్తే నడిమి భాగం ముదురెరుపు, అంచు ఇటుక రంగు. మొదట పండు, తరవాత చెక్క, అన్నిటి వెనక వగరు. ఉప్పుతో మాత్రమే నిదానంగా కాల్చిన గొర్రె మాంసం, బాగా గట్టిపడిన గొర్రెపాల చీజ్, వెన్నలో అంచులు మాడేదాకా వేయించిన పుట్టగొడుగులు, వీటిలో ఏది పక్కన ఉన్నా ఆ వగరు దాని కొవ్వును పట్టుకుని నోటిని వదిలేస్తుంది. అప్పుడు పండు మళ్ళీ కనిపిస్తుంది. కారం పెడితే మాత్రం వగరు రెచ్చిపోతుంది. పండు పారిపోతుంది. మంట, చెక్క మిగులుతాయి. అందుకే మిరప మాంసం అడిగినవాళ్ళకు ఆమె ఆ సీసా తెరిచేది కాదు. “దీనికి చల్లటి తెల్ల వైన్ తాగండి, లేదా బీరు తాగండి, లేదా మంచినీళ్ళు తాగండి. ఇది మాత్రం ఇవ్వను,” అనేది.

వగరు అనే మాట వల్లే ఒకసారి పెద్ద రభస జరిగింది. ఒక పెద్దమనిషి బంధువులందరితో వచ్చాడు. ఆమె అతని గ్లాసులో వైన్ పోసి, “కాస్త వగరుంటుందండీ, మాంసం వచ్చేదాకా ఆగండి,” అంది. హాలు గోలగా ఉంది. అతనికి పొగరుంటుంది అని వినిపించింది.

“ఎవరికే పొగరు?” అని లేచాడు.

యజమాని పరుగెత్తుకొచ్చి ఆమెను క్షమాపణ అడగమన్నాడు. ఆమె అడిగింది. “క్షమించండి. పొగరు మీకు లేదండీ. వగరు వైన్‌కి ఉంది,” అంది. చివరి వాక్యంలో ఆమె ఒక్కొక్క అక్షరాన్నీ విడదీసి పలికిందట. ఆ పలకడంలోనే మొత్తం చెడింది. ఆ రోజునుంచి వంటగదిలో ఆ వైన్ పేరు “పొగరు సీసా” అయింది. యజమాని మాత్రం వగరు అనే మాట తన హోటల్లో వినిపించకూడదని ఆజ్ఞ వేశాడు. ఆమె ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట వాడుతూనే ఉంది. అతను వద్దంటూనే ఉన్నాడు.

ఇప్పుడు వద్దనడానికి ఆమె లేదు కాబట్టి కార్డు మీదికి “పట్టు” వచ్చింది.

యజమాని దగ్గరికి వెళ్ళేముందు నేను నిఘంటువు తీశాను. ఆ మాట గురించి మరోసారి ఖాయం చేసుకోవాలనిపించింది. అందులో వగరుకు కొంచెం పైన వగపు ఉంటుంది. దుఃఖం అని అర్థం. నేను వెతుకుతున్నది వగరు కోసమే కాబట్టి, పైన చదవకుండా వేలు కిందికి జరిపాను.

బడి వదిలాక వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలు అయిపోయి, సాయంత్రంవి మొదలుకాని వేళ. బల్లల మీద తెల్లటి గుడ్డలు మారుస్తున్నారు. వంటగదిలో ఎవరో ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు. యజమాని ఎదురొచ్చాడు. లావుపాటి మనిషి, ఎప్పుడూ ఘాటైన సెంటు పూసుకుంటాడు. నా చెల్లెలు సీసా తెరిచేటప్పుడు అతన్ని దగ్గరికి రానిచ్చేది కాదు. “సార్, మీ సెంటు ముందొచ్చేసింది, మీరు కాస్త ఆగి రండి,” అనేది. ఆమె పోయిన రోజు అతను హోటలు మూసేసి మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. అది కూడా రాయాలి.

“రండి టీచరుగారూ. కార్డు చూశారా? ఫొటో బాగా వచ్చింది కదూ?”

“ఫొటో ఆమెదే. వాక్యం ఆమెది కాదు.”

అతను నవ్వాడు. నేను నవ్వడం లేదని చూసి ఆపాడు.

“వాక్యం నాదేనండీ. గౌరవంతో రాశాను.”

“అయితే కింద మీ పేరు వేసుకోండి.”

“నా పేరు చూస్తే జనానికి బిల్లు గుర్తొస్తుంది, దాహం వేయదు. అయినా ఇప్పుడేమైందని? ఆవిడను పొగిడాను గానీ తిట్టలేదుగా.”

“ఆమె ఏమనేదో మీకు తెలుసు.”

“తెలుసు. ఆ మాట వద్దని ఆవిడకే చెప్పాను. వగరు అంటే పచ్చికాయ గుర్తొస్తుందండీ. ఎవరు తాగుతారు? ఇది వ్యాపారం టీచరుగారూ, వ్యాకరణం కాదు.”

“నేను వ్యాకరణం తీసుకురాలేదు. ఆమె అనని మాట అన్నదని రాశారు. ఆమె ఉండగా అయితే రాసేవారా?”

“ఉండగా అయితే...” అతను తన చేతివేళ్ళ వైపు చూసుకున్నాడు. “ఈ వేళ్ళు విరిచేది.”

“మరి?”

ఓడిపోవడం ఇష్టం లేక అతను లోపలికి వెళ్ళి ఒక సీసా తెచ్చాడు. “నోటికంటే పెద్ద సాక్షి ఉండదు. రుచి చూద్దాం రండి. బాగా లేకపోతే మీ ఇష్టం,” అన్నాడు. ఒక పళ్ళెంలో మిరప మాంసం కూడా తెప్పించాడు.

గ్లాసు నిండా పోశాడు. సగం ఇంకో గ్లాసులోకి ఒంపి, నా గ్లాసును తెల్లగుడ్డ మీదికి వంచాను. ఇటుక రంగు అంచు కనబడింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎండు రేగు, తోలు, ఆ తరవాత పెన్సిలు పొట్టు. గ్లాసు కిందపెట్టి కాసేపు బల్ల అంచు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. యజమాని ఏమీ అడగలేదు. ఆ ఒక్క విషయానికి అతనికి రుణపడి ఉంటాను.

మొదటి గుక్కను లెక్కచేయలేదు. రెండో గుక్కను పట్టుకుని ఉంచాను. వగరు వచ్చింది, నిటారుగా. తరవాత మాంసం ముక్క, దాని మీద మూడో గుక్క. ఆమె చెప్పినట్టే పండు మాయమైంది, గొంతులో మంట లేచింది, నాలుక మీద చెక్క మిగిలింది. నేను నా సాక్షిని నమ్ముకుని అతని వైపు చూశాను.

అతను ముక్క నమిలి, పెద్ద గుక్క తాగి, నుదుటి చెమట తుడుచుకుని కళ్ళు మూసుకున్నాడు.

“అబ్బ! మంట మీద మంట. నాకు కావాల్సిందిదే టీచరుగారూ.”

అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ మొహం అబద్ధం చెప్పే మొహం కాదు. నా తరఫున వైన్ వాదిస్తుందనుకున్నాను. అది వాదించలేదు. వైన్ కోర్టులో చూపించే కాగితం కాదు. ఎవరి నోట్లో పడితే వాళ్ళ పక్షం.

“మీకు నచ్చింది, కాదనను,” అన్నాను. “రోజూ ఇలాగే తినండి. అది మీ నోరు. కార్డు మీద ఉన్నది ఆమె నోరు.”

అప్పటికే వంటమాస్టరు చేతులు తుడుచుకుంటూ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మిరప మాంసం అతనిదే.

“నన్నడిగితే...” అన్నాడు.

“నిన్నెవరడిగారు మాస్టారూ?”

“ఎవరూ అడగరు కాబట్టే చెప్తున్నా సార్. ఆ వైన్ నా మాంసాన్ని పాడుచేస్తుంది.”

“ఏంటీ?”

“మిరపకాయ గింజలు తీసి, మాడకుండా వేయించి, దాని లోపలి తీపిని బయటికి లాక్కొస్తాను. ఈ వైన్ పడగానే ఆ తీపి పోతుంది, ఉత్త మంట మిగుల్తుంది. మీరేమో దాన్నే మెచ్చుకుంటున్నారు. నాకు ఏడుపొస్తోంది.” ఇప్పుడు నా వైపు తిరిగాడు. “నాలుకమ్మా ఇదే అనేదండీ, కాకపోతే తిరగేసి. నా మాంసం ఆవిడ వైన్‌ని పాడుచేస్తుందని. ‘మీ కూర వీధిరౌడీ మాస్టారూ’ అనేది. ‘మీ వైన్ ముసలి మేష్టరు, ఊరికే నోరు నొక్కేస్తుంది’ అనేవాణ్ణి.” అని నాలుక కరుచుకున్నాడు. “మిమ్మల్ని కాదు లెండి.”

“నొక్కడం వరకూ నిజమే,” అన్నాను.

యజమాని పళ్ళెం పక్కకు నెట్టాడు. “ఇద్దరూ ఒకటయ్యారన్నమాట. బాగుంది. కార్డులు అచ్చయిపోయాయి, జనానికి వెళ్ళిపోయాయి. మీకు ఇష్టం లేకపోతే చదవకండి. నేనే చదువుతాను.”

“చదవండి. మీరు కూర్చున్నాక నేను లేస్తాను. ఆమె ఆ మాట అనలేదని చెప్తాను.”

“మైకు మీకెవరిస్తారు?”

“మైకు అక్కర్లేదు. వెనక బెంచీ దాకా వినిపించడం నాకు అలవాటే.”

“బెదిరిస్తున్నారా?”

“ముందుగా చెప్తున్నాను. పరీక్ష ఎప్పుడో పిల్లలకు కూడా ముందే చెప్తాం.”

ఆదివారం మరిది ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కాలరు ఒకవైపు మడతపడి ఉంది. అది చూసి చెప్పే మనిషి ఇంట్లో లేదు. నేను సరిచేశాను.

“గొడవవుతుందా వదినా?” అన్నాడు దారిలో.

“గొడవ కాదు, దిద్దుబాటు.”

“మీ విషయంలో రెండూ ఒకటేగా.”

హాలు నిండిపోయింది. అందరూ ఏదో ఒక రోజు ఆమె చేతి వైన్ తాగినవాళ్ళే. పుట్టినరోజుకు వచ్చినవాళ్ళు, పెళ్ళి కుదిరిన రోజు వచ్చినవాళ్ళు, ఒంటరిగా వచ్చి కిటికీ పక్క బల్ల అడిగేవాళ్ళు. ప్రతి బల్ల మీదా ఆమె ఫొటో ఉన్న కార్డు, గ్లాసులు, మూతపెట్టిన మిరప మాంసం. ఆ వాసన హాలంతా ఆక్రమించింది. ఇక్కడ ఆమె ఉంటే ముందు కిటికీలు తెరిపించేది.

యజమాని మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. ఆమె తన హోటల్లో అందరికంటే ఎక్కువ తనతో పోట్లాడిందనీ, ఇప్పుడు హోటలు నిశ్శబ్దంగా ఉందనీ అన్నాడు. అక్కడ ఆపి ఉంటే నేను లేచేదాన్ని కాదు. కార్డు తీసి, “ఇక ఆమె మాటల్లోనే,” అని ఆ వాక్యం చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను లేచాను.

“నేను ఆమె అక్కను. ఇప్పుడు చదివిన వాక్యం మా చెల్లెలు అనలేదు.”

ఎవరో అలవాటుగా చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

“టీచరుగారు చాలా బాధలో ఉన్నారు,” అన్నాడు యజమాని మైకులో. “మనం అర్థం చేసుకోవాలి...”

“బాధలోనే ఉన్నాను. వినికిడి మాత్రం బాగానే ఉంది. ఈ వైన్ గురించి ఆమె అనే మాట వగరు. మీ ముందు చాలాసార్లు అనే ఉంటుంది. కారంతో దీన్ని ఆమె ఎవరికీ పోయలేదు. మీలో ఎవరికైనా పోసి ఉంటే చెప్పండి, కూర్చుంటాను.”

కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, “నాకైతే సీసా వెనక్కి తీసుకెళ్ళిపోయింది తల్లీ,” అంది. కొందరు నవ్వారు.

“దయచేసి కూర్చోండి,” అన్నాడు యజమాని. ఈసారి మైకు పక్కనపెట్టి అన్నాడు. గొంతులో కోపం ఉంది. “పిలిచి భోజనం పెడుతుంటే ఇదేం పద్ధతి? ఆమె భర్తకు లేని అభ్యంతరం మీకెందుకు?”

హాలంతా మరిది వైపు తిరిగింది. అతను కూర్చునే ఉన్నాడు. అతన్ని ఇందులోకి లాగాలని నేననుకోలేదు. అతను లేవకపోయినా నాకు కోపం వచ్చేది కాదు. కార్డును బల్ల మీద బోర్లించి, నెమ్మదిగా లేచాడు.

“నాకూ అభ్యంతరమేనండీ,” అన్నాడు. “ఇంట్లో కారం కూర వండిన రోజు నన్ను ఈ సీసా ముట్టుకోనిచ్చేది కాదు. ‘ముందు కూరన్నా మానెయ్యి, వైనన్నా మానెయ్యి’ అనేది. నేనెప్పుడూ కూర మానలేదు. కానీ ఆవిడ అన్నది అదే. ఇది ఆవిడ మాట కాదు. మా వదిన చెప్పింది నిజం.”

అని కూర్చున్నాడు. ఆమె పోయిన తరవాత అతను ఇంతసేపు మాట్లాడడం నేను వినలేదు.

యజమాని ఏదో అనబోయాడు. నేను ఆగలేదు. ఆగి ఉంటే మళ్ళీ మొదలుపెట్టలేకపోయేదాన్ని.

“ఇష్టమైనవాళ్ళు ఆ పళ్ళేన్ని కాస్త దూరం జరపండి. ఇష్టం లేనివాళ్ళు హాయిగా తినండి, ఎవరి నోరు వాళ్ళది. మొదటి గుక్క తాగండి. దాన్ని పట్టించుకోకండి. ఇప్పుడు రెండోది. మింగకండి. నాలుక మీద, చిగుళ్ళ మీద ఉంచండి.”

అందరూ వినలేదు. గోడవైపు బల్లవాళ్ళు మూతలు తీసి తినడం మొదలుపెట్టారు, వాళ్ళకు రుచిగానే ఉన్నట్టుంది. ఒక జంట లేచి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు గ్లాసులెత్తారు. బుగ్గలు ఉబ్బించి కూర్చున్న పెద్దవాళ్ళను అంతమందిని నేనెప్పుడూ చూడలేదు.

“ఇప్పుడు మింగండి. ఏం తెలుస్తోంది?”

“నోరెండిపోయింది,” అన్నాడు ఒకాయన.

“నాలుకను ఎవరో పట్టుకున్నట్టుంది,” అంది కిటికీ పక్క పెద్దావిడ.

“వదలడం లేదేంటండీ?” అంది ఇంకో బల్ల దగ్గరి అమ్మాయి, పెదవులు చప్పరిస్తూ.

“దాన్నే వగరంటారు. అది లోపం కాదు. ఎదురుచూడడం. దానికి ఉప్పు, కొవ్వు కావాలి. అవి వచ్చేదాకా వదలదు.”

“మరి ఇప్పుడేం తినాలి?”

నా దగ్గర జవాబుంది, తిండి లేదు. అంతవరకూ ఆలోచించుకుని రాలేదు. వంటగది తలుపు దగ్గరినుంచి మాస్టరు గొంతు వినిపించింది.

“పుట్టగొడుగులున్నాయి. వెన్న ఉంది. కానీ తడి లేకుండా వేగాలంటే టైము పడుతుంది. ఆగుతారా?”

“ఆగుతాం,” అంది పెద్దావిడ, హాలు మొత్తానికీ తానే పూచీ అన్నట్టు.

మాస్టరు లోపలికి వెళ్ళాడు. పెనం పొయ్యి మీద పెట్టిన చప్పుడైంది. యజమాని నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. మిగతావాళ్ళకు వినిపించకుండా, పళ్ళ మధ్యనుంచి అన్నాడు.

“రేపట్నుంచి ఈ వైన్ నా హోటల్లో ఉండదు.”

“ఉండకపోవచ్చు,” అన్నాను. “ఇవాళ ఉంది.”

అతను నా మొహంలోకి చూసి, వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను నా కుర్చీలో కూర్చున్నాను. మరిది తన గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు, నేను నాది. ఇద్దరం ఒకేసారి తాగాం. వగరు నాలుకను పట్టుకుంది. చెప్పాల్సింది చెప్పేశాను కాబట్టి దాన్ని అలాగే ఉండనిచ్చాను.